దొరికిన బుల్లెట్ చెప్పని సంగతులు

వేట సరుకుల ప్రకటన ఏది చూసినా ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. జంతువు ఒంట్లోంచి తీసి, కడిగి, నల్లగుడ్డ మీద పెట్టిన బుల్లెట్. ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది, వెనకభాగం చెక్కుచెదరదు. పక్కన తూకం కూడా వేస్తారు: కాల్చకముందు 180 గ్రైన్లు, తీశాక 160. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ బొమ్మ నికరంగా చెప్పేది ఒక్కటే, ఆ బుల్లెట్ ఆ జంతువులో ఆగిపోయిందని. అవతలికి దూసుకుపోయి మట్టిలో కూరుకుపోయినవి బొమ్మకెక్కవు. తునాతునకలైనవీ ఎక్కవు. గాయంతో పొదల్లో పడి, ఎవరికీ దొరక్కుండా చచ్చిన జంతువు మోసుకుపోయినవి అసలే ఎక్కవు. పెద్ద జంతువుల వేటకు నమ్మదగిన బుల్లెట్ ఏదన్న చర్చ నూరేళ్లకు పైగా ఇలాంటి అరకొర సాక్ష్యం మీదే నడుస్తోంది.

ఇక్కడ బుల్లెట్ అంటే బారెల్లోంచి బయటికెళ్లే లోహపు ముక్క మాత్రమే. ఇత్తడి గొట్టం, మందు, బుల్లెట్ అన్నీ కలిసినదాన్ని తూటా అందాం. చర్చంతా ఆ ముక్క గురించే.

ముందు జంతువు ఎందుకు చస్తుందో తెలియాలి. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప, చావు నెత్తురు పోవడం వల్లే వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ఛిద్రమై రక్తపోటు పడిపోయినా మెదడులో మిగిలిన ప్రాణవాయువు మరో పది పదిహేను సెకన్లు సరిపోతుంది. ఆ వ్యవధిలో జింక వంద గజాలు పరుగెత్తగలదు. కాబట్టి గురి సరిగ్గా కుదిరినా జంతువు ఉన్నచోటే కూలాలని లేదు. బుల్లెట్ పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. లోపల వెడల్పుగా చీల్చాలి. చీల్చాల్సిన చోటికి చేరేదాకా ముక్కలు కాకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు. విచ్చుకున్నకొద్దీ ఎదురయ్యే నిరోధం పెరిగి లోతు తగ్గుతుంది. విచ్చుకోకపోతే లోతుకు పోతుంది కానీ సన్నని రంధ్రం చేసి అవతల పడుతుంది. బుల్లెట్ తయారీ చరిత్రంతా ఈ రెంటి మధ్య రాజీ వెతుకులాటే.

నల్ల తుపాకిమందు రోజుల్లో ఈ బాధ పెద్దగా లేదు. వేగం తక్కువ కాబట్టి మెత్తని సీసపు గుండు వెడల్పయ్యేది, పగిలేది కాదు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియై పొగలేని మందు కనిపెట్టాడు. రెండేళ్లకే లెబెల్ రైఫిల్ వచ్చింది. వేగం ఒక్కసారిగా పెరగడంతో ఉత్త సీసం బారెల్లోని గాళ్లను పట్టుకోలేక ఒరుసుకుపోయింది. స్విట్జర్లాండుకు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ అప్పటికే రాగి తొడుగు వేసే పద్ధతి కనిపెట్టి ఉన్నాడు కనుక ఆ చిక్కు తీరింది. తీరగానే మరొకటి వచ్చిపడింది. మొన దాకా తొడుగున్న బుల్లెట్ ఒంట్లోకి దూరి, ఏమీ జరగనట్టే బయటికి పోయేది. వాయవ్య సరిహద్దు యుద్ధాల్లో బ్రిటిష్ సైన్యం ఈ ఫిర్యాదే చేసింది. దానికి జవాబుగా 1890లలో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే మొన దగ్గర సీసాన్ని బయటికి వదిలిన .303 బుల్లెట్ తయారుచేయించాడు. ఒంట్లో విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదని 1899 హేగ్ ప్రకటన నిషేధించింది. వేటలో మాత్రం లెక్క తలకిందులు. చాలా దేశాల్లో పెద్ద జంతువులను తొడుగు బుల్లెట్‌తో కొడితే నేరం, విచ్చుకునేదే వాడాలి. సిపాయిని గాయపరిచి పక్కకు తప్పిస్తే యుద్ధానికి చాలు. జంతువును గాయపరిచి వదలడమే వేటలో పాపం.

తొడుగు బుల్లెట్‌తోనే వేయికి పైగా ఏనుగులను కూల్చిన కరమోజో బెల్ పేరు ఈ చర్చలో ఎవరో ఒకరు తెస్తారు. చాలావాటిని అతడు 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాతో, 173 గ్రైన్ల బుల్లెట్‌తో కొట్టాడు. నిజమే. కానీ అతడు ఏనుగు పుర్రె కోయించి మెదడు ఎక్కడుందో చూసుకున్నవాడు, దగ్గరికి వెళ్లి మెదడుకే గురిపెట్టినవాడు. సన్నగా, పొడవుగా, వంగకుండా సూటిగా పోయే బుల్లెట్టే అతడికి కావాలి. ఊపిరితిత్తులకు గురిపెట్టేవాడు బెల్ ఉదాహరణ చూపించడం వాదన కాదు.

మొన దగ్గర సీసం కనిపించే సాఫ్ట్‌నోస్ ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా రాజ్యమేలింది. రాగి తొడుగులో సీసపు గుజ్జు, అంతే. ఇప్పటికీ అమ్ముడయ్యే వేట తూటాల్లో చాలావాటి నిర్మాణం ఇదే. మధ్యరకం వేగానికి, జింకంత జంతువుకు ఇది దివ్యంగా పనిచేస్తుంది. దీని బలహీనత బయటపడింది ఎక్కువ మందుతో వేగం పెంచే మాగ్నమ్ తూటాలు వచ్చాకే.

1946లో బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ మూస్ వేటకు వెళ్లాడు. ఒరెగాన్‌లో లారీల వ్యాపారం చేసుకునే మనిషి. చేతిలో .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్. ఎదురుగా బురదలో పొర్లి, ఒళ్లంతా ఎండిన మట్టి అట్టకట్టిన మగ మూస్. దాదాపు గుర్రమంత ఎత్తు, అయిదారు వందల కిలోల బరువుండే జంతువది. బుల్లెట్లు తగిలినచోటే చిట్లిపోయాయి, లోపలికి దిగలేదు. దగ్గర్నుంచి కొట్టడం వల్ల వేగం మరీ ఎక్కువై సమస్య ముదిరింది. అదే బుల్లెట్ మూడు వందల గజాల దూరంలో, నెమ్మదించాక తగిలి ఉంటే మరోలా ప్రవర్తించేది. మామూలు వేటగాడైతే మరింత పెద్ద రైఫిల్ కొనుక్కునేవాడు. నోస్లర్ బుల్లెట్‌ను అడ్డంగా రెండు గదులు చేశాడు. మధ్యలో రాగి గోడ, ముందు గదిలో ఒక సీసపు ముద్ద, వెనక గదిలో ఇంకొకటి. ముందుది విచ్చుకుని చీలుస్తుంది, అవసరమైతే ముక్కలై పోతుంది. గోడ దగ్గర ఆ విధ్వంసం ఆగిపోతుంది. వెనక సగం మొద్దులా ముందుకు సాగుతుంది. 1948లో పార్టిషన్ పేరుతో అమ్మకానికి వచ్చింది, ఇంకా అమ్ముడవుతూనే ఉంది. జర్మనీలో ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీ హెచ్ మాంటెల్ అనే ఇలాంటి ఆలోచననే అంతకుముందే అమలు చేసింది.

పార్టిషన్‌ను తూకం వేసేవాళ్లు పెదవి విరుస్తారు. జంతువులోంచి తీసినప్పుడు మొదటి బరువులో అరవై, డెబ్భై శాతమే మిగులుతుంది కదా అని. ముందుభాగం పోవడం లోపం కాదు, దాన్ని అలా పోవడానికే తయారుచేశారు. బరువు నిలుపుకోవడం ఒక్కటే గుణమైతే తొడుగు బుల్లెట్‌కు నూటికి నూరు మార్కులు పడాలి. నల్లగుడ్డ మీది బొమ్మ తెచ్చిపెట్టిన దురభిప్రాయాల్లో ఇది మొదటిది.

తర్వాతి తరం సీసాన్ని రాగి తొడుగుకు అతికించింది. 1960ల్లో బిల్ స్టైగర్స్ బిటర్‌రూట్ బుల్లెట్లు, 1980ల్లో స్విఫ్ట్ ఎ ఫ్రేమ్, జాక్ కార్టర్ ట్రోఫీ బాండెడ్ బేర్ క్లా, ఇప్పుడు నోస్లర్ అక్యుబాండ్, నార్మా ఓరిక్స్ ఈ కుటుంబానివే. సీసమూ తొడుగూ విడిపోవు కాబట్టి ఎముక తగిలినా ముద్దగానే ఉంటుంది. ఎ ఫ్రేమ్ గోడనూ అతుకునూ కలిపి వాడుకుంది. అడవిదున్నకు గానీ గోధుమ ఎలుగుబంటికి గానీ ఎదురు నిలబడేవాళ్లలో దాన్ని నమ్మేవాళ్లు ఎక్కువ.

ఇంకో శాఖ సీసాన్నే తీసేసింది. 1980ల చివర్లో యూటాలోని బార్న్స్ కంపెనీ యజమాని రాండీ బ్రూక్స్ ఒకే రాగి ముక్కతో ఎక్స్ బుల్లెట్ తెచ్చాడు. మొనలో సన్నని గుంత ఉంటుంది. ఒంట్లోని తడి అందులోకి దూరి మొనను నాలుగు రేకులుగా విప్పుతుంది. మొదటి ఎక్స్ బుల్లెట్లు బారెల్లో రాగి మకిలి పేర్చేవి, అన్ని రైఫిళ్లలోనూ గురి కుదిరేది కాదు. ఒంటికి గాళ్లు తీసిన కొత్త రకాలతో ఆ ఫిర్యాదులు చాలావరకు సద్దుమణిగాయి. రాగి సీసం కంటే తేలిక. ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములుంటే రాగి 9 గ్రాముల లోపే. కాబట్టి అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవవుతుంది. పొడవైనదాన్ని తిన్నగా తిప్పాలంటే బారెల్లోని మెలి బిగువుగా ఉండాలి. సీసంలో 180 గ్రైన్లు వాడేవాళ్లు రాగిలో 165కో 150కో దిగితే నష్టం లేదు. బరువు పోగొట్టుకోని బుల్లెట్‌కు మొదట్లో అదనపు బరువు అక్కర్లేదు.

అసలు విషయం వేగం. ప్రతి బుల్లెట్‌కూ అది సరిగ్గా విచ్చుకునే వేగానికి కిందో హద్దు, పైనో హద్దు ఉంటాయి. చాలా వేట బుల్లెట్లకు కింది హద్దు సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగులు. రాగి బుల్లెట్లు సాధారణంగా పై అంచునే కోరతాయి. దూరపు గురి కోసం చేసిన కొత్తవి అంతకంటే తక్కువకూ విచ్చుకుంటాయి. మామూలు సాఫ్ట్‌నోస్‌కు చిక్కంతా పై హద్దుతోనే. .30-06 తూటా 180 గ్రైన్ల బుల్లెట్‌ను బారెల్ మొన దగ్గర 2,700 అడుగుల వేగంతో పంపుతుంది. మూడు వందల గజాలకు అది దాదాపు 2,100కి దిగుతుంది, అయిదు వందలకు 1,800 దరిదాపులకు. అంటే ఇది ఏ మామూలు దూరంలోనైనా హద్దుల మధ్యే ఉంటుంది. నూరేళ్లు దాటినా ఆ తూటాకు మంచి పేరు చెడకపోవడానికి నా దృష్టిలో కారణం ఇదే. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అదే బుల్లెట్‌ను 2,960కి నెడుతుంది. పొదల్లో ముప్పై గజాల దూరంలో ఎల్క్ అనే పెద్ద జింక ఎదురైతే వేగం తగ్గడానికి సమయమే ఉండదు. నోస్లర్‌కు జరిగిందదే. ఎనిమిది వందల గజాల వీరుల తిప్పలు దీనికి సరిగ్గా తిరగేసినవి. దూరానికి కింది హద్దు తెగుతుంది, ఖరీదైన బుల్లెట్ తొడుగు బుల్లెట్‌లా రంధ్రం చేసి పోతుంది. బుల్లెట్ మోసం చేసిందని నిందించే సందర్భాల్లో చాలావాటికి ఈ రెండు కథల్లో ఒకటో, పొట్టకు తగిలిన గురి తప్పిన దెబ్బో మూలంగా ఉంటాయి.

బుల్లెట్ ఏ హద్దుల మధ్య విచ్చుకుంటుందన్న ఇంత ముఖ్యమైన సంగతి లెక్కల్లోకి రాదు. తూటా పెట్టె మీద శక్తి ఎంతో రాస్తారు. పై .30-06కు బారెల్ మొన దగ్గర 2,900 అడుగు పౌండ్లు. జింకకు వెయ్యి చాలు, ఎల్క్‌కు 1,500 ఉండాలి అనే వాడుక సూత్రాలు నోటికొచ్చినట్టు తిరుగుతుంటాయి. జాన్ టేలర్ అనే ఏనుగుల వేటగాడు 1948లో తన పుస్తకంలో వేరే సూత్రం పెట్టాడు, బరువునూ వేగాన్నీ వ్యాసాన్నీ గుణించి. ఇంకొందరు సెక్షనల్ డెన్సిటీని పట్టుకుంటారు. బరువును వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చే ఈ అంకె .30 వ్యాసంలో 150 గ్రైన్లకు 0.226, 180కి 0.271. ఎక్కువైతే లోతుకు పోతుందని. ఈ లెక్కల్లో ఏ ఒక్కదానిలోనూ బుల్లెట్ ఎలా తయారైందో చెప్పే అంకె లేదు. ఒకే బరువు, ఒకే వ్యాసం, ఒకే వేగం ఉన్న తొడుగు బుల్లెట్‌కూ సాఫ్ట్‌నోస్‌కూ మూడు సూత్రాలూ ఒకటే ఫలితం చెబుతాయి. జంతువులో అవి చేసేవి పూర్తిగా వేరు. పైగా బుల్లెట్ విచ్చుకోగానే వ్యాసం రెట్టింపై, బరువు కొంత పోయి, మొదట లెక్కించిన సెక్షనల్ డెన్సిటీ మటుమాయం. ఆ అంకె తొడుగు బుల్లెట్లకూ రాగి బుల్లెట్లకూ కొంత పనికొస్తుంది. మిగతావాటికి అలవాటుగా చెప్పుకునే మాట.

ప్రయోగశాలలో జెలటిన్ దిమ్మె పెడతారు. 1980ల్లో అమెరికా సైనిక సర్జన్ మార్టిన్ ఫాక్లర్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన క్రమశిక్షణ తెచ్చాడు. కండరంలో ఏం జరుగుతుందో అది బాగానే చూపిస్తుంది. కానీ దిమ్మెకు బురదపట్టిన తోలు ఉండదు, జబ్బ ఎముక ఉండదు, గాలి నిండిన ఊపిరితిత్తీ ఉండదు. రెండు బుల్లెట్లను పక్కపక్కన పోల్చడానికి జెలటిన్ మంచిదే. కనుమల్లో ఎల్క్ పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ఏం జరుగుతుందో చెప్పమంటే అది చెప్పలేదు.

బుల్లెట్ లోపలే ఆగిపోయి శక్తినంతా అక్కడే వదలాలా, అవతలి పక్కన బయటికి రావాలా అన్నది పాత తగువు. లోపలే చిట్లిపోవాలనే బడికి బెర్గర్ బుల్లెట్లు ప్రతినిధులు. రెండు మూడంగుళాలు దిగాక ముక్కలై ఊపిరితిత్తులను తూట్లు పొడుస్తాయి. జింక పక్కకు నిలబడి, మధ్యలో పెద్ద ఎముక లేకపోతే అవి చేసే పని భయంకరంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ వేటలో జంతువు మనకు నచ్చినట్టు నిలబడదు. వాలుగా, వెనకనుంచి ముందుకు వెళ్లే దెబ్బ కొట్టాలంటే బుల్లెట్ పక్కటెముకలు, పొట్టలోని గడ్డిసంచి దాటి ఊపిరితిత్తులకు చేరాలి. నేను బయటికొచ్చే బుల్లెట్ పక్షమే. రెండు రంధ్రాలుంటే నెత్తుటి జాడ రెండింతలవుతుంది. పైరంధ్రం ఎత్తున ఉంటే ఊపిరితిత్తుల్లో నిండిన నెత్తురు బయట పడదు, కింది రంధ్రం అవతలి పక్కన ఉంటేనే చీకటిపడే వేళ జాడ పట్టొచ్చు.

బుల్లెట్ తర్వాత మిగిలేది మాంసం, పేగులు. సీసం గురించి మాట్లాడక తప్పదు. మామూలు సీసపు బుల్లెట్ విచ్చుకుంటూ ఇసుకలాంటి రేణువులు వదులుతుంది. ఎక్స్‌రే తీస్తే గాయం నుంచి జానెడు దూరంలో కూడా కనిపిస్తాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచే జింక మాంసంలో సీసం బయటపడి పెద్ద గొడవైంది. కాలిఫోర్నియా కాండోర్ రాబందులది ఇంకా దయనీయమైన కథ. 1982 నాటికి 22 పక్షులే మిగిలాయి. 1987లో అడవిలో ఉన్నవాటిని కూడా పట్టి, పెంచి, 1992 నుంచి మళ్లీ వదిలారు. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం తిని అవి మళ్లీ చస్తున్నాయి. మన రాబందులను పశువుల మందు డైక్లోఫెనాక్ చంపిన దారే ఇది, కళేబరమే విషం మోసింది. కాలిఫోర్నియా 2008లో కాండోర్ తిరిగే ప్రాంతాల్లో, 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతా సీసపు తూటాలతో వేటను నిషేధించింది. డెన్మార్క్ 2024 ఏప్రిల్ 1 నుంచి రైఫిల్ బుల్లెట్లకూ ఆ నిషేధం పెట్టింది.

నిషేధాల మీద నడిచిన చర్చ పుణ్యమా అని ఒక మేలు జరిగింది. రాగి చాలదు, జంతువులు గాయాలతో పారిపోతాయి అన్న వాదనను తేల్చడానికి ఐరోపాలో సరైన పద్ధతిలో లెక్కలు తీశారు. 2016లో ప్రచురించిన డెన్మార్క్ అధ్యయనంలో వేటగాళ్లు కొట్టిన ఆరువందల యాభైకి పైగా జింకలను తీసుకుని, దెబ్బ తగిలాక ఎంత దూరం పరుగెత్తాయో కొలిచారు. సీసానికీ రాగికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అధ్యయనం అడిగిన ప్రశ్న చూడండి. బుల్లెట్ ఎలా కనిపిస్తోందని కాదు, జంతువు ఎంత దూరం పోయిందని. నూరేళ్లుగా అడగాల్సిన ప్రశ్న అది. అప్పటికీ ఇది దొరికిన జంతువుల లెక్కే. దొరకనివాటి లెక్క ఏ అధ్యయనంలోనూ పూర్తిగా రాదు.

ప్రమాదకరమైన జంతువుల విషయంలో చట్టాలే చాలావరకు తేల్చేశాయి. ఆఫ్రికాలో చాలాచోట్ల అడవిదున్న, ఏనుగు, సింహాలకు .375 కంటే చిన్న వ్యాసం పనికిరాదు. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ ఇప్పటికీ కొలబద్దగా నిలిచిందందుకే. దున్నకు మొదటి దెబ్బ అతికించిన 300 గ్రైన్ల బుల్లెట్‌తో, తర్వాతవి విచ్చుకోని సాలిడ్లతో అనేది గైడ్ల మాట. స్వీడన్ మూస్ వేటకు వేరే దారి పట్టింది. బుల్లెట్ కనీసం 9 గ్రాములుంటే వంద మీటర్ల దగ్గర 2,700 జౌళ్లు, 10 గ్రాములు, ఆపైన ఉంటే 2,000 జౌళ్లు చాలు, విచ్చుకునేదై ఉండాలి. బరువైన బుల్లెట్‌కు శక్తిలో రాయితీ ఇచ్చిన ఈ నిబంధన పైన చెప్పిన సూత్రాలన్నిటికంటే తెలివైనది.

మన సంగతి వేరు. వేట కథల రచయిత కెన్నెత్ ఆండర్సన్ చిత్తూరు జిల్లా చామల లోయలో పులిని వెంటాడిన కాలంలో అతడి చేతిలో .405 విన్‌చెస్టర్ ఉండేది. బరువైన, నెమ్మదైన సాఫ్ట్‌నోస్, దగ్గర దూరం. హద్దుల గొడవే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమైంది. ఇప్పుడు తెలంగాణలో పంటలు పాడుచేసే అడవిపందులను అనుమతి పొందిన షూటర్లు కాల్చడమే మిగిలింది. మన దగ్గర లైసెన్సుపై ఎక్కువగా కనిపించే రైఫిల్ .315, దానికి సర్కారీ సాఫ్ట్‌నోస్ తూటాయే దొరుకుతుంది. ఎంపిక లేదని బాధపడక్కర్లేదు. వేగం తక్కువ, దూరం తక్కువ, పంది జబ్బ వెనక గురి పెడితే ఆ పాత నిర్మాణం చేయాల్సిన పని చేస్తుంది. కొలరాడోలో ఎల్క్ లైసెన్సు తీసుకున్న తెలుగువాడికి మాత్రం దుకాణంలో అరలకొద్దీ పెట్టెలు ఎదురవుతాయి. అతడు మొదట చూసుకోవాల్సింది తన రైఫిల్‌కు ఏ దూరం దాటితే వేగం 2,000 అడుగుల కిందికి దిగుతుందో. పెట్టె మీది వేగం సాధారణంగా 24 అంగుళాల బారెల్‌తో కొలిచింది. 20 అంగుళాల బారెల్ అయితే వంద అడుగుల దాకా తగ్గించుకోవాలి. మూడు వందల గజాల లోపే కొడతానంటే .30-06లో 180 గ్రైన్ల పార్టిషన్‌గానీ అతికించినదిగానీ, రాగి కావాలంటే 165, ఏదైనా ఒకటే. మాగ్నమ్ ఉంటే మామూలు సాఫ్ట్‌నోస్ వద్దు. మిగిలిన డబ్బుతో అదే తూటా ఇంకో రెండు పెట్టెలు కొని, నిలబడీ కూర్చునీ కాల్చి అలవాటు చేసుకోవాలి.